బోణీకి తెల్లచీర

ఉదయం ఆరు గంటల పది నిమిషాలకు మా ఇంట్లో నల్లా వచ్చింది. రెండో బకెట్టు నిండుతుండగా ఫోన్ మోగింది. బట్టల షాపు అక్క వాళ్లన్న మాట్లాడాడు. "టీచరమ్మా, చెల్లె పోయింది. తెల్లారగట్ల" అన్నాడు. "షాపు ఇయ్యాల తెరుస్తలేం" అని పెట్టేశాడు. అల్వాల్‌లో మాకు నీళ్లు రోజు విడిచి రోజు వస్తాయి. మిగతా బకెట్లు కూడా నింపి, నల్లా కట్టేసి, అప్పుడు కూర్చున్నాను.

ఆమె సైకాలజీలో ఎమ్మే చేసింది. ప్రకటనల కంపెనీలో కొన్నేళ్లు పనిచేసి, విసుగొచ్చి, సికింద్రాబాద్ జనరల్ బజారులో తండ్రి పెట్టిన బట్టల షాపుకు తిరిగి వచ్చింది. అన్న గల్లాపెట్టె దగ్గర కూర్చునేవాడు. ఏ సరుకు ఎక్కడ ఉండాలో, ఏ దీపం ఎటు వెలగాలో ఆమె చూసుకునేది. జీవితచరిత్ర ఇంతవరకు చాలు. నాకు గుర్తున్నది ఆమె నిలబడే తీరు.

షాపు ఉన్న పక్క కాకుండా రోడ్డుకు అవతల, టీ బండి దగ్గర నిలబడేది. చేతిలో గ్లాసు ఉండేది. అందులో టీ చల్లారిపోయేది. తాగడం నేనెప్పుడూ చూడలేదు. చూపు మాత్రం తమ షాపు గుమ్మం మీదే ఉండేది. ఎవరు ముందు మెట్టెక్కుతున్నారు, ఎవరు వెనక ఆగిపోతున్నారు, ఎవరు షోకేసు అద్దంలో బొమ్మకు కట్టిన చీరను చూసి నడక తగ్గించి మళ్లీ వేగం పెంచారు, ఇదే ఆమె పని. దారిన పోయేవాళ్లు ఆమె ఆటో కోసం చూస్తోందనుకునేవాళ్లు. ఆటోవాళ్లు కూడా అలాగే అనుకుని ఆగేవాళ్లు. తల ఊపి పంపేసేది.

"షాపులోనే ఉండొచ్చు కదా అక్కా, ఈ ఎండలో ఎందుకు?" అని ఒకసారి అడిగాను.

"లోపలికెల్లి చూస్తే వచ్చినోళ్లే కనిపిస్తరు టీచర్. రానోళ్లు ఈడికెల్లే కనిపిస్తరు" అంది.

ఆమె మనుషుల ముఖాలను పెద్దగా నమ్మేది కాదు. చేతులను చూసేది. చీర బాగుంది బాగుంది అంటూనే అరచేతితో దూరంగా నెట్టేవాళ్లు కొనరని, ఏమీ అనకుండా అంచును రెండు వేళ్ల మధ్య నలుపుతూ కూర్చున్నవాళ్లు కొంటారని చెప్పేది. సేల్స్‌మన్లకు ఆమె నేర్పింది కూడా అదే. ముసలివాళ్లు వస్తే ముందు కుర్చీ వేయాలి, తర్వాతే చీర తీయాలి. "అవ్వకు కాళ్లు గుంజినయంటే అమ్మకం పాయె. పెండ్లిపిల్లకు ఎంత నచ్చినా అవ్వ లేసి నిలబడితే అందరు లేస్తరు" అనేది. ఆ కుర్చీ కోసం అన్నతో పోట్లాడింది. ఒక కుర్చీ పెట్టే చోట ఎన్ని చీరల కట్టలు పడతాయో అతను చూపించాడు. కుర్చీయే ఉండిపోయింది.

ఆమెతో నా పరిచయం ఆ షాపు గుమ్మంలోనే. మా చెల్లికి పెళ్లి కుదిరింది. చర్చిలో పెళ్లి, తెల్లచీర కావాలి. చెల్లికి మధ్యాహ్నం డ్యూటీ. అందుకని అమ్మా, నేనూ, అదీ ముగ్గురం పొద్దున్నే బజారుకు వెళ్లాం. అప్పుడే షట్టర్లు లేపుతున్నారు. దేవుడి పటం ముందు అగరొత్తులు ఇంకా సగం కాలలేదు. మమ్మల్ని చూసి సేల్స్‌మన్ సంతోషంగా ఎదురొచ్చాడు.

"రండి మేడం. ఏం చూపియ్యాలె, పట్టా, ఫ్యాన్సీయా?"

"పెళ్లికి తెల్లచీర" అంది చెల్లి.

అతను తీయబోయిన చీర మీదే చేయి ఆపేశాడు. గల్లాపెట్టె వైపు చూశాడు. అక్కడ కూర్చున్న ఓనర్ తల అడ్డంగా ఊపాడు.

"జెర బోణీ కానియ్యండి మేడం. పదకొండింటికి రండి, మంచిగ కూసోబెట్టి చూపిస్తం" అన్నాడు సేల్స్‌మన్. మర్యాదగానే అన్నాడు.

పొద్దున్నే మొదటి అమ్మకం తెలుపు అయితే రోజంతా చెడుతుందని వాళ్ల నమ్మకం. తెలుపంటే చావు గుర్తొస్తుంది వాళ్లకు. మాకిది కొత్త కాదు. అమ్మ అప్పటికే మెట్టు దిగుతోంది. "ఏవుందిలే, నా పెళ్లప్పుడూ ఇంతే. ఓ కాఫీ తాగొద్దాం పదండి" అంది. చెల్లి ఫుట్‌పాత్ మీద నిలబడి ఫోన్ తీసి, అందులో ఏదో చదువుతున్నట్టు తల వంచుకుంది.

అవతలి నుంచి ఒకావిడ బళ్లు తప్పించుకుంటూ రోడ్డు దాటి వచ్చింది. చేతిలో టీ గ్లాసు అలాగే ఉంది. నేరుగా అమ్మ ముందు ఆగింది.

"ఎందుకు దిగొచ్చిండ్రమ్మా? ఏమన్నడు మావోడు?"

"ఏం లేదమ్మా, బోణీ అయ్యాక రమ్మన్నారు."

"తెల్లచీర అడిగిండ్రా?"

"పర్లేదమ్మా. మాకలవాటే" అంది అమ్మ.

"అలవాటు" అందావిడ. ఆ మాట తనకు తానే చెప్పుకున్నట్టు అంది. తర్వాత చెల్లి భుజం మీద చెయ్యేసింది. "లోపలికి రా బిడ్డా. కొనకు. చూడు. చూసుడు బోణీ కాదు గద."

అన్న అడ్డు చెప్పేలోపే మమ్మల్ని లోపలికి తీసుకుపోయింది. తెల్లచీరలు మెట్ల కింద ఉన్నాయి. తల వంచి నిలబడాలి. పైన ఒక ట్యూబ్‌లైటు, దాని వెలుగులో చీరలు నీలంగా కనబడ్డాయి. పక్క అరలోనే తెల్లగుడ్డ తానులు పేర్చి ఉన్నాయి.

"భుజం మీద ఏస్కొని చూడు" అందావిడ.

చెల్లి వేసుకోలేదు. మడత కొసను వేళ్లతో ఎత్తి చూసి వదిలేసింది. "ఆ పక్కవి దేనికండీ?" అని అడిగింది.

సేల్స్‌మన్ నేలచూపులు చూశాడు. "చావులకు కొంటరు బిడ్డా" అందావిడ. అబద్ధం చెప్పలేదు.

చెల్లి చీర కింద పెట్టేసింది.

బయటికి వచ్చాక ఆవిడ అడిగింది: "పెండ్లెప్పుడు?"

"ఈస్టర్ అయ్యాక."

"అయితే యాడా కొనకు. మాఘమాసం దాంక ఆగు. ఇదే షాపుల, పొద్దుగాల, నీతోనే బోణీ చేపిస్త."

అమ్మ నవ్వింది. "మా కోసం మీకెందుకమ్మా అంత గొడవ?"

"మీ కోసం గాదమ్మా. చదివిందేమో సైకాలజీ, పెండ్లిచీరలేమో మెట్ల కింద అమ్ముకుంటున్న. ఇజ్జత్ పోయేది నాది" అంది. నా ఫోన్ నంబర్ తీసుకుంది.

చెల్లి మొండిది. నిజంగానే ఇంకెక్కడా కొననంది. అలా మొదలైంది ఆమెతో స్నేహం. వారం తిరక్కుండా ఫోన్ చేసి రమ్మనేది. తెల్లచీరల సంగతి మాట్లాడటానికి వెళ్తే వేరే షాపులకు తీసుకుపోయేది. ఏమీ కొనేది కాదు.

ఒక ఆదివారం చర్చి అయ్యాక ఏ.ఎస్. రావు నగర్‌లో ఒక సూపర్ మార్కెట్‌కు వెళ్లాం. ఒక పెద్దాయన ఒక్కడే సరుకుల వరసల మధ్య తిరుగుతున్నాడు. ఆమె అతని వెనకే నడిచింది, ఆమె వెనక నేను. బిస్కెట్లు, సబ్బులు, కప్పుల సెట్లు అన్నీ దాటి, చివరి మూలలో ఆయనకు ఉప్పు దొరికింది. అప్పటికి ఆయన బుట్టలో రెండు బిస్కెట్ పొట్లాలు, ఒక సబ్బు చేరాయి.

"చూసినవా? ఉప్పు కోసం మనిషి ఎట్లయినా వస్తడు. అందుకే దాన్ని మూలకు పెడ్తరు. పోయే తొవ్వల తక్కినవి చెయ్యికి తగలాలె. మంచి తెలివి" అంది. మెచ్చుకునే అంటోంది. అంతలోనే, "ఆయన మోకాళ్లు చూడు" అంది. ఆయన అరను పట్టుకుని ఒక కాలు మీద బరువు మార్చుకుంటున్నాడు.

నేరుగా మేనేజర్ దగ్గరికి వెళ్లింది. "ఆ నడిమిట్ల ఒక కుర్చీ ఎయ్యి బాబూ."

"కుర్చీ వేస్తే కూర్చుండిపోతారు మేడం."

"కూసోనియ్యి. కూసున్న ముసలాయన ముంగట ఏం పెడితే అదే కొంటడు."

మళ్లీ వెళ్లినప్పుడు అక్కడ కుర్చీ ఉంది. దాని ఎదురుగా చక్కెర లేని బిస్కెట్లు పేర్చారు. కుర్చీలో ఎవరో పెద్దావిడ కూర్చుని కాళ్లు చాపుకుంది. ఆమె అక్కడే నిలబడి చాలాసేపు నవ్వింది. "మంచి పని చేపియ్యాలంటే లాభం జెప్పాలె టీచర్" అంది.

నేను ఆమెతో వాదించేదాన్ని. దీపాలు ఎటు తిప్పితే రంగు ఎలా నిండుగా కనబడుతుందో, అద్దం ఎంత వంచితే మనిషి సన్నగా కనిపిస్తుందో చెప్పినప్పుడు, ఇది మోసం కాదా అని అడిగాను. కొంచెం ఆలోచించి జవాబు చెప్పింది.

"ఇంటికి పోయినాంక ఏడిస్తే మోసం. మా షాపు అద్దం నేను వంచలే. ఆమె ఇంట్ల అద్దం నిటారుగుంటది గద. ఆడ సుత మంచిగ కనిపియ్యాలె. లేకుంటే మళ్ల రాదు." ఆ తర్వాత ఇంకో మాట అంది. "బట్టల షాపుకు వచ్చే మనిషి భయపడుకుంట వస్తది. నాకిది సూటైతదా, నలుగుట్ల నవ్వుతరా, నేను అడిగితే ఈడు ఏమనుకుంటడో. ఆ భయం మీద అమ్మేటోళ్లున్నరు. దాన్ని తీసి అమ్మేటోళ్లున్నరు. రెండు సార్లు రావాల్నంటే దాన్ని తీయాలె."

తెల్లచీరల విషయంలో ఆమె మొదటి ప్రయత్నం విఫలమైంది. అది కార్తీకమాసం చివర, ఇంకా పెళ్లి బట్టల కొనుగోళ్లు సాగుతున్నాయి. మెట్ల కింది చీరల్లో మంచిదొకటి తీసి, బొమ్మకు కట్టి, ఒక పూట గుమ్మం పక్కన అద్దంలో పెట్టింది. టీ బండి దగ్గర నిలబడింది. నేనూ ఆమె పక్కనే ఉన్నాను. పసుపు రాసిన సంచి పట్టుకుని వచ్చిన ఒకావిడ మెట్టు మీద కాలు పెట్టి, బొమ్మను చూసి, కాలు తీసేసింది. వెంట ఉన్నవాళ్లతో ఏదో అంది. అందరూ పక్క షాపుకు వెళ్లారు. కాసేపటికి ఇంకొకరు లోపలికి తొంగి చూసి, "ఎవరన్న పోయిండ్రా?" అని అడిగి వెనుదిరిగారు.

మధ్యాహ్నానికి అన్నే వచ్చి బొమ్మను లోపలికి ఎత్తించాడు. గల్లాపెట్టె ముందు ఇద్దరూ ఎదురెదురుగా నిలబడ్డారు. నన్ను సాక్షిగా ఉండమంది.

"చెప్పిన్నా లేదా? తెలుపు ముంగట పెడితే మనోళ్లు గడప ఎక్కుతరా?" అన్నాడు అన్న.

"ఎక్కరు. నువ్వన్నది నిజమే" అంది ఆమె.

అతను ఇది ఊహించలేదు. నేనూ ఊహించలేదు. కొంచెం మెత్తబడి, "మరి వదిలెయ్యరాదు? వాళ్లు సుత పదకొండింటికి వస్తనే ఉన్నరు గద. ఎవరికి తక్లీఫ్?" అన్నాడు.

"నీకు కనిపిస్తలేదు. మెట్ల కింద ఒక్క పిల్ల సుత చీర భుజం మీద ఏస్కోలే. నేను ఇన్ని దినాలు చూసిన. పెండ్లిచీర భుజం మీద ఏస్కోకుండ కొంటున్నరంటే పారిపోనీకె కొంటున్నరు. కొన్నోళ్లు మళ్ల రారు. ఒక్కపారి ఒప్పుకో. మాఘం మొదటి దినం నేను చెప్పినట్టు పెడదాం."

"ఆ దినం ఒక్కరు వెనక్కి తిరిగినా?"

"తీసెయ్యి."

"తీసేసుడు గాదు. మళ్ల ఈ షాపుల ఏది యాడ పెట్టాల్నో నువ్వు చెప్పొద్దు. దీపం గిట్ల, కుర్చీ గిట్ల అనొద్దు. ఇంట్ల కూసో."

ఆమెకు ఆ షాపు సర్దడం తప్ప వేరే పని లేదు, కోరికా లేదు. అన్నకు ఆ సంగతి తెలుసు. "సరే" అంది. నా వైపు తిరిగి, "విన్నవు గద టీచర్" అంది. ఆ మాట అంటూ టీ గ్లాసు కోసం చేయి చాచింది. అక్కడ గ్లాసు లేదు.

పుష్యమాసంలో బజారు ఖాళీగా ఉంటుంది. ముహూర్తాలు లేవు. ఒక మధ్యాహ్నం నేను షాపులో అవ్వల కుర్చీలో కూర్చుని ఉన్నాను. మాఘంలో పెళ్లి పెట్టుకున్న ఒక కుటుంబం ముందుగానే మధుపర్కాల కోసం వచ్చింది. సేల్స్‌మన్ పై అంతస్తుకు వెళ్లి, పూజసామాన్ల పక్క అరలోంచి ఒక జత తెచ్చాడు. పెళ్లికూతురి తల్లి లేచి నిలబడి రెండు చేతులతో అందుకుంది. కళ్లకద్దుకుంది. అప్పుడు కూర్చుని, ఎర్రంచును వేళ్లతో నిమురుతూ ఉండిపోయింది.

అక్క మెట్ల మీద కూర్చుని ఆ చేతులనే చూస్తోంది. వాళ్లు వెళ్లాక నా దగ్గరికి వచ్చి అడిగింది.

"టీచర్, ఆమె చేతుల ఏముండె?"

"మధుపర్కాలు."

"ఏం రంగు?"

"ఎర్రంచు..." అని ఆగిపోయాను. ఎరుపు అంచుకే. బట్ట మొత్తం తెలుపు. తెల్లటి నూలు.

"తాళి కట్టేటప్పుడు కట్టేదే తెలుపు. నా పెండ్లికి నేనే కట్టుకున్న. మా అన్న కట్టుకున్నడు. తెలుపు చూస్తే మైల అంటున్నడు" అంది. నవ్వుతోందో కోపంగా ఉందో చెప్పలేను. నుదుటి మీద అరచేతితో కొట్టుకుంది. "ఇన్నేండ్ల సంది పై అంతస్తుల పెట్టి అమ్ముతున్నం. మేం ఎవ్వలం దాన్ని తెలుపనలే. నేను సుత."

ఆ తర్వాత ఆమె చేసిన పనులన్నీ నాకు గుర్తున్నాయి. ముందు చావుగుడ్డ తానులను మెట్ల కింద నుంచి తీయించింది. పక్కసందు వైపు ఉన్న చిన్న తలుపు దగ్గర వాటికి వేరే బల్ల వేయించింది. అక్కడికి వచ్చేవాళ్లు పెళ్లి చీరల మధ్య నుంచి నడవనక్కర్లేదు. ఒక బెంచీ, ఒక మంచినీళ్ల కుండ పెట్టించింది. ఆ గోడకున్న అద్దం తీసేయించింది. "ఆ టైంల ఎవ్వలు తమ మొఖం చూస్కోవద్దు" అంది. అక్కడ బేరం ఆడకూడదని, ఒకే ధర చెప్పాలని సేల్స్‌మన్లకు చెప్పింది. ఈ మార్పును ఎవరూ గమనించి మెచ్చుకోలేదు. దుఃఖంలో ఉన్నవాళ్లు అలాంటివి గమనించరు. అలా గమనించకపోవడమే తనకు కావాలంది.

తర్వాత గుమ్మం పక్క షోకేసు అద్దం. అందులో ఒక బొమ్మకు మధుపర్కం కట్టించింది. పక్క బొమ్మకు చర్చి పెళ్లి తెల్లచీర కట్టించి, తల మీద మేలిముసుగు వేసింది. ట్యూబ్‌లైటు తీయించి పసుపు వెలుగు దీపాలు పెట్టించింది. ఆ వెలుగులో చీర మీది జరీ కనబడింది. మా చెల్లిని పిలిచి, మేలిముసుగు ఎలా నిలబడాలో సరిచేయమంది. ఆ రెండు బొమ్మలకు మధ్య ఏం పెట్టాలో చాలా రోజులు తేలలేదు. బోర్డు రాయిద్దామన్నాడు సేల్స్‌మన్. ఆమె ఒప్పుకోలేదు. "చదివి అర్థం చేస్కునేటోళ్లు లోపలికొచ్చినాంక చదువుతరు. మెట్టు మీద కాలు పెట్టేది చదవకముందే." చివరికి ఒకే మల్లెల దండ తెప్పించి, సగం మధుపర్కం బొమ్మ జడకు, తెంపకుండా మిగతా సగం మేలిముసుగు బొమ్మ జడకు చుట్టింది.

మాఘం మొదటి రోజు వచ్చింది. ఆ పొద్దున్నే అమ్మను, చెల్లిని షాపు తెరిచే వేళకు పంపించి, నేను రోడ్డుకు అవతల ఆమె పక్కన నిలబడ్డాను. గుమ్మంలో అన్న చేతులు కట్టుకుని ఉన్నాడు. ఒక్కరు వెనక్కి తిరిగినా బొమ్మలను తీయడానికి సిద్ధంగా ఉన్నాడు.

అమ్మా చెల్లీ మెట్లు ఎక్కబోతుండగానే ఒక ఆటో ఆగింది. ఒక అవ్వ దిగింది, వెంట కొడుకు, కోడలు, ఇంకెవరో. చేతిలో పసుపు బొట్లు పెట్టిన సంచి. అవ్వ ముందు నడిచింది. మెట్టు దగ్గర ఆగింది. తల ఎత్తి అద్దం వైపు చూసింది.

నా పక్కన అక్క గ్లాసును రెండు చేతులతో పట్టుకుంది. నేను ఆమె వైపు చూడలేకపోయాను.

అవ్వ అద్దం దగ్గరికి జరిగింది. అద్దం మీద వేలు పెట్టి కోడలికి మధుపర్కం చూపించింది. తర్వాత వేలు పక్కకు జరిగి మేలిముసుగు మీద ఆగింది. పక్కనున్న మా చెల్లిని ఏదో అడిగింది. చెల్లి జవాబు చెప్పింది. ఏమన్నారో మాకు వినబడలేదు. తర్వాత చెల్లి చెప్పింది. అవ్వ "ఈ చీర ఎవలు కడ్తరు బిడ్డా?" అందట. "నేనేనండీ, నా పెళ్లికి" అందట చెల్లి. "మంచిగుంది. మల్లెపూలు పెట్టుకుంటవా?" అందట. "పెట్టుకుంటానండీ." "మరింకేం" అని అవ్వ మెట్టెక్కింది.

అన్న చేతులు విప్పి పక్కకు తప్పుకున్నాడు.

అక్క గ్లాసు బండి మీద పెట్టి రోడ్డు దాటింది. నేనూ వెళ్లాను. లోపల అవ్వ కుర్చీలో సర్దుకుని కూర్చుంది. మధుపర్కాలు ఒక్కొక్కటీ తీయించి నూలు పట్టుకుని చూసి, ఇది పలుచన, అది గరుకు అంటోంది. ఆమెకు తొందర లేదు. ఇవతల చెల్లి తెల్లచీర విప్పింది. భుజం మీద వేసుకుంది. అద్దం అమ్మ కూడా కనిపించేలా పెట్టి ఉంది. అమ్మ వెనక నిలబడి అద్దంలో కూతుర్ని చూస్తోంది. చెల్లి అటూ ఇటూ తిరిగింది. కొంగు సర్దుకుని ఇంకోసారి తిరిగింది. అమ్మ, "ఇదే తీసుకో" అంది. తన పెళ్లిచీర ఎలా కొన్నారో మళ్లీ చెప్పలేదు.

చెల్లి గల్లాపెట్టె దగ్గరికి వెళ్లి, స్కాన్ చేయడానికి ఫోన్ తీసింది. అన్న చేయి అడ్డం పెట్టాడు.

"బోణీ గదమ్మా. నోటుంటే ఇయ్యి" అన్నాడు.

అలవాటు మీద అనేశాడు. అని, తను ఏమన్నాడో అప్పుడు తెలుసుకున్నాడు. అమ్మ సంచిలోంచి నోట్లు తీసింది. వాటిని అతను కళ్లకద్దుకుని, దేవుడి పటం వైపు ఒకసారి చూపించి, పెట్టెలో వేశాడు. ప్రతి బోణీకీ చేసేదే చేశాడు. తర్వాత తల ఎత్తి తన చెల్లెలి వైపు చూశాడు.

ఆమె గట్టిగా చప్పట్లు కొట్టింది. షాపంతా తిరిగి చూసింది. అవ్వ కూడా మధుపర్కాలు ఒళ్లో పెట్టుకుని, "ఏందిరా, ఏమైంది?" అంది.

"ఏంలేదవ్వా. మా అన్నకు మంచి బోణీ అయింది" అంది అక్క.

ఆ ఏడాది అద్దంలో ఆ రెండు బొమ్మలూ అలాగే ఉన్నాయి. నేరేడ్‌మెట్ నుంచి, అల్వాల్ నుంచి పెళ్లికూతుళ్లు వచ్చేవాళ్లు. పొద్దున్నే వచ్చేవాళ్లు. మల్లెల దండ మాత్రం రోజూ మార్చాల్సి వచ్చేది. అన్న గొణుగుతూనే తెప్పించేవాడు. తర్వాత పక్క షాపువాడు తన అద్దంలో మేలిముసుగు బొమ్మ పెట్టాడు. ఆమె నాకు ఫోన్ చేసి, "కాపీ కొట్టిండు టీచర్. మధుపర్కం పెట్టుడు మరిచిపోయిండు. చూస్త ఉండు, వారంల తీస్తడు" అంది. వారంలో తీశాడు. ఆమె టీ బండి దగ్గర నిలబడి అతన్ని పిలిచి, ఏది తప్పు చేశాడో చెప్పింది. అతను మళ్లీ పెట్టాడు. పోటీవాడికెందుకు చెప్పారని అడిగితే, "బజారుల మస్తు అద్దాలున్నయ్. నేనొక్కదాన్నే గెలిస్తే మజా ఏముంది?" అంది.

గెలిచాక తగ్గి ఉండటం ఆమెకు చేతకాలేదు. అన్న కొత్త కస్టమర్లకు, "మేం ఇట్ల ప్లాన్ చేసినం" అని చెప్పడం మొదలుపెట్టాడు. ఆమె ఎక్కడున్నా వచ్చి సరిచేసేది. "ప్లాన్ నాది. ఆయన బోణీ తీస్కున్నడు, గంతే." అతను నవ్వేవాడు. ఒకసారి అతనే, "మా చెల్లె చెప్పింది, నేను విననన్న" అని మొత్తం కథ చెప్పగా విన్నాను. అప్పుడు ఆమె గుమ్మంలో నిలబడి, దండ సరిచేస్తున్నట్టు చేస్తూ పూర్తిగా వింది.

జబ్బు చేశాక ఆస్పత్రిలో చూడటానికి వెళ్లాను. మాట సన్నబడింది. టోకెన్ల గది గురించే మాట్లాడింది. బెంచీలన్నీ గోడ వైపు తిప్పి ఉన్నాయని, పేరు పిలిస్తే వినబడదేమోనని జనం మెడలు తిప్పుకుని అలసిపోతున్నారని చెప్పింది. మళ్లీ వెళ్లేసరికి బెంచీలు తలుపు వైపు తిరిగి ఉన్నాయి. నర్సును అడిగితే, "ఆ ఆరో నంబర్ బెడ్ అమ్మ బతకనివ్వలేదండీ" అంది. అక్కకు చెప్తే కళ్లు మూసుకునే నవ్వింది. "ఇంకేమేం మార్చాల్నో చెప్పు" అంది.

ఆమె పోయిన తర్వాత షాపు మళ్లీ తెరిచారు. కర్మలు అయ్యాక ఒక పొద్దున వెళ్లాను. అన్న గల్లాపెట్టె దగ్గర ఉన్నాడు. నన్ను చూసి లేచాడు. అప్పుడే ఒక అమ్మాయి, ఆమె పిన్ని కాబోలు ఒకావిడ, లోపలికి వచ్చారు. కొత్తగా చేరిన సేల్స్‌మన్ తెల్లచీరలు పరిచాడు. అమ్మాయి ఒకటి భుజం మీద వేసుకుంది. అన్న ఆ అద్దం వైపే చూస్తూ ఉండిపోయాడు.

వాళ్లు వెళ్లాక ఆ సేల్స్‌మన్‌ని అడిగాను. "బోణీ కాకముందే తెల్లచీరలు చూపిస్తావా బాబూ?"

అతనికి నా ప్రశ్న అర్థం కాలేదు. "చూపిస్తం గద మేడం. ఎందుకు చూపియ్యం?" అన్నాడు. ఓనర్ వైపు చూశాడు, తనేమైనా తప్పు చేశాడేమోనని. "నువ్వు పని జూస్కో" అన్నాడు అన్న. కళ్లు తుడుచుకున్నాడు.

బజారు మొత్తం గురించి నేను చెప్పలేను. ఆ షాపులో మాత్రం, తెల్లచీర కోసం వచ్చిన పెళ్లికూతుర్ని బోణీ అయ్యేదాకా ఆగమని ఇప్పుడు ఎవరూ అనరు.